డూగల్ నొక్కే బటన్

కారెక్కితే డూగల్ బెల్టు పెట్టుకోవడం కన్నా ముందు చేసే పని ఆ బటన్ నొక్కడం. బండి నిలబడ్డప్పుడల్లా ఇంజన్ దానంతటదే ఆగిపోకుండా చేసే బటన్ అది. పెట్రోలు ఆదా కోసం పెట్టారట ఆ ఏర్పాటు! పైగా మహా మొండిది. ఒకసారి తాళం తిప్పి ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే కథ మొదటికొస్తుంది, బటన్ మళ్ళీ నొక్కాల్సిందే.

అసలు సంగతి వేరే ఉంది. చలికాలంలో బ్యాటరీ పోయినప్పుడు, ఇలాంటి కార్లకు మాటిమాటికీ స్టార్ట్ చేసినా తట్టుకునే వేరే రకం వెయ్యాలని మెకానిక్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వీడా నాకు నేర్పేది అనుకుని, డూగల్ షెడ్డులో పడి ఉన్న మామూలు బ్యాటరీ బిగించేశాడు. భార్య కెరిన్‌తో మాత్రం మెకానిక్ చెప్పిందే వేశానన్నాడు.

జనవరి అంటే అక్కడ నడి ఎండాకాలం. ఆ మధ్యాహ్నం గాలి తిరిగి, కొండ మీది కార్చిచ్చు ఊరి మీదికి మళ్ళింది. బయటపడడానికి ఉన్నది ఒకటే దారి, ఒక్క కారు వెడల్పే ఉన్న వంతెన మీదుగా. డూగల్ మణికట్టు విరిగి కట్టులో ఉంది కాబట్టి కెరిన్ నడుపుతోంది. పక్క సీట్లోంచి బటన్ అతనే నొక్కాడు. వెనకే కూతురు టీగన్ కారు, అందులో మనవడు. వాళ్ళ వెనక ఊరు ఊరంతా.

మలుపులో ఊరి ముసలావిడ ఓరియల్ పిల్లిని పెట్టిన బుట్ట పట్టుకుని ఒంటరిగా నిలబడి ఉంది. కెరిన్ అలవాటుగా ఇంజన్ ఆపేసి దిగింది.

"ముందు కూర్చోండి ఓరియల్ గారూ. లే డూగల్, వెనక్కి పో. దొరగారికి ముందు సీటే కావాలా?"

ఈసారి ఇంజన్ మూలుగుతూ లేచింది. మళ్ళీ నొక్కాలని డూగల్ ముందుకు వంగాడు. బటన్ వెనక సీటుకు అందదు. నొక్కమంటే కెరిన్ ఎందుకంటుంది. ఎందుకో చెబితే ఓరియల్ ఎదుటే కడిగేస్తుంది. వరస కదులుతూనే ఉందిగా అని నోరు మూసుకున్నాడు.

వంతెన మధ్యలో ముందు కారు ఆగింది. కెరిన్ బ్రేకు తొక్కింది. ఇంజన్ ఆగిపోయింది.

"భయపడకండి ఓరియల్ గారూ. ఈయన రోజూ తిట్టిపోసేది దీన్నే. కాలు తీస్తే అదే లేస్తుంది."

ముందు కారు కదిలి వెళ్ళిపోయింది. కెరిన్ కాలు తీసింది. టక్కుమంది. మళ్ళీ టక్కుమంది. మీటర్ల దీపాలు సన్నగిల్లి ఆరిపోయాయి.

"కెరిన్, అది షెడ్డులో బ్యాటరీ."

"ఏ షెడ్డు?"

"మనదే. నీకు అబద్ధం చెప్పాను."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. ఆమె అద్దంలోంచి వెనక్కి చూసింది. అతనూ వెనక్కి తిరిగాడు. పొగలో మలుపు దాకా హెడ్‌లైట్లే. వాటి వెనక చెట్ల మీద ఆకాశం ఎర్రగా ఉంది.

పద నాన్నా అన్నట్టు టీగన్ చిన్నగా హారన్ కొట్టింది. తాత తన కోసమే తిరిగి చూశాడనుకుని మనవడు నవ్వుతూ చెయ్యి ఊపాడు.