రాతిగోడ వెనకాల తాబేలు

మంచు దిగే కాలంలో ఇసబేలా దీవి ఎగువ అడవిలో నాలుగు తాబేలు డిప్పలు దొరికాయి. లోపల మాంసం లేదు. అంచుల మీద కత్తి దెబ్బలున్నాయి. మా కొండవాలు మీద తప్ప ఇంకెక్కడా పుట్టని, వీపు బల్లపరుపుగా ఉండే తాబేళ్ళవి. అడవిలో ఎప్పుడో గాని కనపడనంతగా తగ్గిపోయాయి. ఆ డిప్పలు దొరికాక ఊళ్ళో ఒకరి వంటింటి వాసన ఒకరు పీల్చి చూడటం మొదలైంది.

రోసౌరా తాబేళ్ళను పెంచే దొడ్లో వాటి పిల్లలకు మేత వేసే పని చేసేది. డిప్పలను కిందికి తెచ్చిన రోజున అడవి కావలివాళ్ళ పెద్ద ఫౌస్తో ఆమెను పక్కకు పిలిచాడు.

"మీ మామగారు గాడిదను తోలుకుని పైకెందుకెళ్తున్నాడమ్మా?"

"నారింజల కోసం."

"మరి నారింజలేవీ?"

ఆ అనుమానం ఆమెకూ ఉంది. మామగారు డెల్ఫిన్‌కు డెబ్బై దాటాయి. వయసులో ఉన్నప్పుడు ఆయన పశువుల దొడ్లలో పనిచేశాడు. ఆ రోజుల్లో అందరిలాగే తాబేలును కోశాడు, తిన్నాడు, కొవ్వు కాచి నూనె తీశాడు. ఆ మాంసం రుచి గురించి ఇప్పటికీ భోజనం దగ్గర సిగ్గుపడకుండా చెప్పేవాడు. రోసౌరా భర్త బ్రౌలియో చేపల వేటకు వెళ్ళినప్పుడల్లా ఇంట్లో మామా కోడలే మిగిలేవారు.

ఆ సాయంత్రం ఆమె మామగారి బూట్లు తిప్పి చూసింది. అడుగున గడ్డిపీచు కలిసిన పేడ అంటుకుని ఉంది. అది ఆవుదీ కాదు, గాడిదదీ కాదు. రోజూ దొడ్లో తాను ఎత్తిపోసేదే.

మర్నాడు డెల్ఫిన్ పచ్చి అరటికాయలు వేసి మాంసం కూర వండాడు. రోసౌరా కంచం ముట్టుకోలేదు.

"తినవేం అమ్మాయ్?"

"ఆకల్లేదు మామయ్యా."

"మేకే."

"నేనేమన్నా అన్నానా?"

"నువ్వనక్కర్లేదు. నీ ముక్కు అంటోందిగా!" అని ఆయన తన కంచం లాక్కుని, ఆమెకు వీపు తిప్పి తిన్నాడు.

ఆదివారం ఉదయం ఆయన గాడిదను విప్పగానే రోసౌరా దూరంగా వెనకాలే నడిచింది. జామ పొదల్లో మంచు దట్టంగా ఉంది. ముందు వినపడే గాడిద గిట్టల చప్పుడే ఆమెకు దారి. ఆయన రెండుసార్లు ఆగి వెనక్కి చూశాడు. ఏ తప్పూ చెయ్యనివాడు అలా వెనక్కెందుకు చూస్తాడు?

పాడుబడిన పశువుల దొడ్డి తాలూకు రాతిగోడ దగ్గర ఆయన కత్తి దూశాడు. గోడ అవతల ఏదో భారంగా కదిలింది. కత్తి పైకి లేచింది.

"మామయ్యా! వద్దు!"

కత్తి దిగింది, కానీ ఒక నాగజెముడు మట్ట మీద. ఆయన ముళ్ళు చెక్కి, మట్టను గోడ అవతలికి వేశాడు. అక్కడ ఒక పెద్ద ఆడతాబేలు మెడ చాచి దాన్ని అందుకుంది. వీపు బల్లపరుపుగా ఉంది. వెనక కాలొకటి ఈడుస్తోంది.

"మేపి కోద్దామనా?" అంది రోసౌరా.

"కోసేవాణ్ణయితే రెండేళ్ళు మేపుతానా? రాళ్ళ చీలికలో పడిపోయి ఉంటే గాడిదకు తాడు కట్టి లాగాను. సరేగానీ, నువ్వొక్కదానివే వచ్చావా? ఫౌస్తోని కూడా తెచ్చావా?"

"ఒక్కదాన్నే. మాకెందుకు చెప్పలేదు?"

"మీకా? ఆ నాలుగూ ఎక్కడ దొరికాయి? కావలివాళ్ళు తిరిగే దారిలోనే కదా. ఆ దారి వాళ్ళకి తప్ప ఎవరికి తెలుసు?"

"నీకు తెలుసుగా."

ముసలాయన నవ్వాడు. "తెలుసు. అందుకే నువ్వు నా కూర తినలేదు. అలాగే నేనూ నీ ఫౌస్తోకి చెప్పలేదు."

రోసౌరా గోడ మీద కూర్చుంది. ఫౌస్తో పక్కకు పిలిచి అడిగిన తీరు గుర్తొచ్చింది. మామగారు ఎక్కడికెళ్తున్నాడో అతనికి నిజంగా డిప్పల కోసమే కావాలా, ఈ తాబేలు కోసమా? ఆ ఆలోచన వచ్చాక ఇక పోలేదు. అలాగని దీన్ని ఇక్కడే వదిలితే ఐదో డిప్ప ఇదే అవుతుంది.

"ఒకడికి చెబితే మాయం చేస్తాడని కదా నీ భయం? ఊరందరికీ ఒకేసారి చెబితే?"

డెల్ఫిన్ ఇంకో మట్ట నరికి గోడ అవతలికి వేశాడు. "నేనిక్కడే ఉంటా. వెళ్ళు," అన్నాడు.

ఆదివారం కాబట్టి మగవాళ్ళంతా వాలీబాల్ ఆట దగ్గరే ఉన్నారు. బంతి ఫౌస్తో చేతిలో ఉంది. రోసౌరా వల కింద నుంచి నడిచి వెళ్ళి ఆట మధ్యలో నిలబడి, అందరికీ వినపడేలా చెప్పింది. బంతి జారి దొర్లిపోయింది.

"ముందు నాకు చెప్పాల్సిన మాట కదమ్మా," అన్నాడు ఫౌస్తో నెమ్మదిగా. "నన్ను నమ్మలేదన్నమాట."

"నిన్నొక్కణ్ణే కాదు. ఎవర్నీ నమ్మలేదు. అందుకే అందర్నీ రమ్మంటున్నా."

జామ కర్రలతో డోలీ కట్టి, తాబేలును మనుషులు మార్చి మార్చి మోశారు. డెల్ఫిన్ కత్తి పట్టుకుని పక్కనే నడిచాడు. ఆయన మోసేవాళ్ళ చేతులను చూస్తుంటే, ఫౌస్తో ఆయన కత్తిని చూస్తూ నడిచాడు. ఊళ్ళో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఏమీ పట్టనట్టున్నది తాబేలొక్కటే. డోలీలో పరిచిన అరటాకును తింటూ వచ్చింది.

తాబేళ్ళ దొడ్లో దింపాక డెల్ఫిన్ ఇంటికి రానన్నాడు. గేటు పక్కన బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఫౌస్తో కూడా ఒక కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఎవరి కాపలా ఎవరి మీదో రోసౌరా అడగలేదు. ఇద్దరికీ కాఫీ ఇచ్చి వచ్చింది.

మరుసటి ఏడు ఆ ఆడతాబేలు మట్టి తవ్వి గుడ్లు పెట్టింది. కొన్ని చెడిపోయాయి, కొన్ని పిల్లలయ్యాయి. ఒక పిల్లను రోసౌరా మామగారి అరచేతిలో పెడితే, ఆయన కదలకుండా, ఊపిరి కూడా గట్టిగా తీయకుండా కూర్చున్నాడు.

అడవిలో మళ్ళీ డిప్పలు దొరకలేదు. ఆ నాలుగింటినీ నరికిందెవరో ఈనాటికీ తేలలేదు. అంతమంది కళ్ళు చూసి వాడు జడిసి ఉంటాడంటుంది రోసౌరా. ఆ రోజు డోలీ మోసిన వాళ్ళలో వాడూ భుజం పట్టే ఉంటాడన్నది డెల్ఫిన్ మాట. అందుకే ఇప్పటికీ దొడ్లోకి ఎవరు వచ్చినా, ముందు వాళ్ళ చేతుల వంక చూస్తాడు.