స్వచ్ఛందంగా మానుకున్నవారు

విశ్వవిద్యాలయం నేలమాళిగలో ఉన్న రికార్డు గది తాళాలు పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ దగ్గరే ఉన్నాయి. ఎప్పుడూ పాత కాగితాల మధ్యే ఉంటుందని పై అంతస్తుల వాళ్ళు ఆవిణ్ణి చెదలక్క అనేవారు. "చెదలకైనా ఏం తింటున్నాయో తెలుసు, మీకు అదీ తెలీదు" అని ఒకసారి గుమాస్తా నోరు మూయించింది కూడా.

ఆ ఏడాది యూదుల చరిత్ర, మానవ హక్కుల మీద నాలుగు బహిరంగ ఉపన్యాసాలు ఏర్పాటు చేశారు. మొదటిది ఇవ్వాల్సిన ముసలి ఆచార్యుడు వారం ముందే వచ్చి, మోకాలు పట్టుకుని మెట్లు దిగి ఆవిడ ముందు కూర్చున్నాడు.

"అమ్మా, మేం యూదులం. మా మేనత్త ఇక్కడే వైద్యం చదివింది. ఆఖరి ఏడాదిలో చదువు ఆగిపోయింది. ప్రభుత్వం యూదుల్ని వెలేసిన ఆ రోజుల్లో మావాళ్ళని కాలేజీల నుంచి గెంటేశారు కదా. మీ ఆహ్వాన పత్రంలో మాత్రం 'మేం ఎవరినీ బయటికి పంపలేదు' అని వేశారు. ఏది నిజమో చూద్దామని వచ్చాను."

నిజం ఆవిడకి తెలుసు. ఆరేళ్ళ కిందట ఒక వృద్ధురాలు మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి, తన అన్న గురించి ఇదే అడిగింది. అలాంటి రికార్డేదీ లేదని చెప్పమని రిజిస్ట్రారు ఫోనులో ఆజ్ఞాపించాడు. ఆవిడ లేదనే చెప్పింది. ఆ వృద్ధురాలు "శ్రమ ఇచ్చాను తల్లీ" అని దండం పెట్టి మరీ వెళ్ళింది.

ఈసారి ఆవిడ బీరువా తెరిచి రిజిస్టరు తీసింది. ఒకే పుటలో నలభై ఒక్క పేర్లు ఎర్రసిరాతో కొట్టేసి ఉన్నాయి. ప్రతి పేరు పక్కనా 'స్వచ్ఛందంగా మానుకున్నారు' అని ఒకే చేతిరాత, ఒకే తేదీ.

ఆచార్యుడి వేలు మేనత్త పేరు దగ్గర ఆగింది. "ఒకే రోజున నలభై ఒక్కమందికీ చదువు మీద విరక్తి పుట్టిందన్నమాట" అన్నాడు.

రేపు మళ్ళీ చూస్తానన్నాడని ఆవిడ రిజిస్టరును తన బల్ల సొరుగులోనే ఉంచింది.

మర్నాడు రిజిస్ట్రారు పిలిచాడు. "ఆచార్యుడు నా దగ్గరికీ వచ్చి అడిగాడు. ఆ రిజిస్టరు బైండింగుకి వెళ్ళిందని ఆయనకి చెప్పు. ఆధారం చూపించకుండా ఆ ఊసెత్తొద్దని నేనూ చెప్పాను."

"ఆధారం మన దగ్గరే ఉంది కదండీ."

"అందుకే, ఆ బీరువా తాళం ఇచ్చి వెళ్ళు."

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. "మానవ హక్కుల మీద ఉపన్యాసాలు పెట్టి మనుషుల పేర్లు దాచమంటారా?"

"నీ పని తాళాలు కాయడం. నీతులు చెప్పడం కాదు."

తాళం బల్ల మీద గిరాటేసి వచ్చేసింది. సొరుగు సంగతి ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

విషయం విని ఆవిడ భర్త నెత్తి కొట్టుకున్నాడు. ఆయన బస్సు డ్రైవరు. "గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరతానంటావేమే? పెద్దవాళ్ళ గొడవ మనకెందుకు?"

"పెద్దవాళ్ళు ఫోనులో చెప్పి ఊరుకున్నారు. ఆ ముసలావిడ మొహం మీద అబద్ధం ఆడింది నా నోరు" అంది ఆవిడ.

ఉపన్యాసం రోజున హాలు నిండిపోయింది. రిజిస్ట్రారు స్వాగతం పలుకుతూ, "ఆ చీకటి రోజుల్లో కూడా మా సంస్థ ఒక్క విద్యార్థినైనా వదులుకోలేదు" అన్నాడు. చప్పట్లు మోగాయి.

ఆచార్యుడు లేచి, "ఆధారం లేకుండా మాట్లాడొద్దని నాకు చెప్పారు" అని ఆగాడు.

ఆఖరి వరసలోంచి చెదలక్క లేచింది. రిజిస్టరు గుండెకి అదుముకుని నడవసాగింది.

"ఎక్కడికమ్మా? కూర్చో!" అని రిజిస్ట్రారు కసిరాడు.

"ఆరేళ్ళుగా కూర్చునే ఉన్నానండీ. ఇక చాలు."

రిజిస్టరు వేదిక మీద పెట్టింది. "మీరే చదవండమ్మా" అని ఆచార్యుడు పక్కకి జరిగాడు. ఆవిడ ఒక్కొక్క పేరూ చదివి, పక్కనున్న ఆ మాట కూడా చదివింది. "స్వచ్ఛందంగా మానుకున్నారు." మేనత్త పేరు వచ్చినప్పుడు ఆచార్యుడు కళ్ళజోడు తీసేశాడు. పదిహేడో పేరు దగ్గర ఎవరో మైకు ఆపేశారు. ఆవిడ గొంతు పెంచింది. నలభై ఒకటో పేరు అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో ఒకాయన లేచి నిలబడ్డాడు. తర్వాత అందరూ లేచారు.

మూడో రోజున ఆవిణ్ణి ఆటసామాన్ల గదికి బదిలీ చేశారు. బంతులు ఇవ్వడం, వలలు లెక్కపెట్టడం పని. పత్రికల్లో వార్త వచ్చింది కాబట్టి మిగతా ఉపన్యాసాలు ఆపే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

ఆరేళ్ళ కిందట వచ్చిన వృద్ధురాలి అన్న పేరు కూడా ఆ పుటలోనే ఉంది. సందర్శకుల పుస్తకంలో చిరునామా వెతికి, ఆవిడ నకలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. మనవరాలు తలుపు తీసింది. అవ్వ పోయి నాలుగేళ్ళయిందట. కాగితం చదివి, "ఆ రోజు లేదని చెప్పింది మీరేగా?" అంది.

"నేనేనమ్మా."

ఆ పిల్ల కాగితం తీసుకుని తలుపు వేసేసింది. చెదలక్క తిట్లకి సిద్ధపడి వచ్చింది. ఆ పిల్ల తిట్టనైనా లేదు.

రెండు నెలలకి హాలు ముందు అద్దాల పెట్టెలో రిజిస్టరును ప్రదర్శనకి పెట్టారు. కింద ఇత్తడి పలక మీద 'విశ్వవిద్యాలయం స్వయంగా వెలికితీసిన సత్యం' అని చెక్కించారు. అది చూసి ఆవిడ తిన్నగా రిజిస్ట్రారు గదిలోకి, తలుపైనా తట్టకుండా, వెళ్ళింది.

"నా పేరు వెయ్యమని రాలేదు. ఆ అబద్ధం పీకించండి" అంది.

పరిశీలిస్తామన్నాడు ఆయన. పలక ఇంకా అక్కడే ఉంది. ప్రతి సోమవారం వెళ్ళి ఆవిడ అడుగుతూనే ఉంది.