రాళ్లబాటన మోగిన గంట

కొండ గొడుగుజేసి గోవుల గాచిన
చిన్నవాడ! గంటచిన్నదాన;
నాదు నోట నిలిచి నడిపింపుమీ కథ
రాళ్లబాట వెంట రక్షసేసి.

నేను ఒక కంచు గంటను; అరచేతిలో ఇమిడిపోయేటంత దానను. శ్రీకాకుళం సీమలోని బుడితిలో కంచరి పోలయ్యగారు నాకు జన్మనిచ్చారు. మైనంతో రూపు దిద్ది, దానిపై బంకమట్టి పూసి, నిప్పుల్లో పెట్టి, మైనం కరిగిపోయిన చోట కంచు పోశారు. అంటే నాకంటె ముందు నా శూన్యం పుట్టిందన్నమాట. వేదాంతులు దీనిపై ఎంతైనా మాట్లాడగలరు. నాకు మాత్రం వేడి తప్ప మరేమీ గుర్తులేదు. నాలుక తగిలించి, చింతపండుతో తోమి, చెవి దగ్గర మోగించి, "లేగదూడ మెడకి సరిగ్గా సరిపోతావే, అమ్మీ!" అన్నారాయన. నాకు దక్కిన తొలి దీవెన అదే. ఫలించడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

కోనసీమకు చెందిన వకుళమ్మగారు తమ ఇంట కొత్తగా పుట్టిన దూడ కోసం నన్ను ఒక తీర్థంలో కొన్నారు. ఇంటికి రాగానే ఆమె అత్తగారు ఒక్కసారి మోగించి, "ఇంత మంచి గొంతు పశువుకెందుకే? దేవుడి గదిలో పెట్టు" అన్నారు. దూడ మెడకు నాకు బదులు తాటాకు బూర కట్టారు. ఒక వస్తువును ఒక పనికని కొని, మరొక పనికి వాడి, ఆ మార్పుకు భక్తి అని పేరు పెట్టగలవాడు మనుష్యుడొక్కడే. హారతి వేళ మోగడం గౌరవమే, కాదనను. కాని పెరట్లో దూడ గంతులు వేసినప్పుడల్లా నా నాలుక తనంత తానే కదిలేది.

ఏళ్లు గడిచాయి. వకుళమ్మగారి ఆడపడుచు హైమవతిగారు ఆల్ప్స్ పర్వతాల నడుమ, టిరోల్ సీమలోని ఒక లోయలో జలవిద్యుత్ ఇంజనీరుగా ఉన్నారు. వదినగారిని ఒక వేసవి చివర అక్కడికి పిలిపించారు. దేవుడు లేని ఊరికి పోతున్నట్లు వకుళమ్మగారు నన్ను చీర మడతలో చుట్టి తీసుకువెళ్లారు. ఆమె చిన్ననాడు కాలవగట్ల మీద సైకిలు తొక్కి బడికి వెళ్లిన మనిషి కావడంతో, వచ్చిన రెండవ వారానికే హైమవతిగారు ఆమెకొక గ్రావెల్ సైకిల్ తెచ్చి ఇచ్చారు. అది తారురోడ్డు సైకిలులా సున్నితమైనది కాదు, కొండల్లో దూకే సైకిలులా మొరటుదీ కాదు. కంకర బాటల మీద పోవడానికే వెడల్పు టైర్లతో పుట్టినది. ఎగుడులో సాయపడడానికి బ్యాటరీ కూడా ఉన్నది.

"బెల్లేదే?" అన్నారు వకుళమ్మగారు.

"ఇదిగో, వేలితో నొక్కు."

"ఇదా! ఈగ తుమ్మినట్టుంది." అంటూ ఆమె నన్ను పసుపుతాడుతో హ్యాండిలుకు కట్టేశారు.

"వదినా, అది సైకిలా, స్వామివారి వాహనమా?"

"వాహనమే. ముందు నువ్వు పద, భక్తురాలివి కదా!"

ఆ లోయలోని బాటలను ఏమని వర్ణింతును! అడుగున నది వెంబడి ఒక బాట; అది పాల మీగడ రంగు నీటితో కబుర్లాడుతూ సాగుతుంది. పైన దేవదారుల నీడలో దుంగలు మోసే బండ్ల కోసం వేసిన తెల్లని కంకరదారి మలుపు మీద మలుపుగా లేస్తుంది. అటుపైన అడవి ముగిసి, పచ్చిక మొదలై, మంచుకొండలు పలకరింపుగా ముందుకు వంగుతాయి. ప్రతి గులకరాయికీ నేను ఒకసారి మోగాను. దేవుడి గదిలో ఏడాదికి చేసేంత నాదాన్ని ఒక్క ఉదయంలో చేశాను; కొంత గర్వపడ్డాను కూడా.

పచ్చికబయలు నడుమ ఒక చెక్క గుడిసె. అందులో నోట్‌బుర్గా అనే పశువుల కాపరి వేసవి అంతా ఊరివారి ఆవులను మేపుతూ ఉంటుంది. ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. ఆమె ఒడిలో దేవదారు కొమ్మలు, కాగితపు పూలు, చిన్న అద్దాలు కూర్చిన కిరీటమొకటి ఉన్నది. హైమవతిగారు ఆమె మాటలను తెలుగులో చెప్పారు.

"ఎల్లుండి మంద ఊళ్లోకి దిగుతుందట వదినా. వేసవంతా ఒక్క పశువుకీ ఏ ఆపదా రాకపోతేనే ఆవులకి పూలకిరీటాలు పెడతారట. ఒక్కటి పోయినా, దెబ్బ తగిలినా, ఉత్త తలలతో దింపాలి. కిందటేడు ఒకటి లోయలో పడిందట, అంతకు ముందేడు ఇంకోటి పిడుగుకి పోయిందట. రెండేళ్లుగా ఈవిడ తలొంచుకునే ఊళ్లోకి దిగిందట."

వకుళమ్మగారు ఆ కిరీటాన్ని అందుకుని, కళ్లకద్దుకుని తిరిగి ఇచ్చారు.

పచ్చిక చివర చెక్కగేటు ఉన్నది. తీసినవారే వేయాలన్నది ఆ కొండల నియమం. "వదినా, గేటు గట్టిగా వేసి రా!" అని కేకవేసి హైమవతిగారు దిగుడులో సాగిపోయారు. వకుళమ్మగారు గేటు వేయబోయే సమయానికి నా సవ్వడి విని, రోసా అనే ఎర్రని పెయ్య వచ్చి సరిగ్గా ఎదుట నిలిచింది. కళ్లు కాటుక పెట్టినట్లున్నాయి. వకుళమ్మగారి చెయ్యి గడియ మీదే ఆగిపోయింది. గుమ్మంలోకి వచ్చిన గోవు ముఖాన ఆమె ఏనాడూ తలుపు వేసి ఎరుగరు. పెయ్య వీపు తాకి కళ్లకద్దుకుని, "పొమ్మన్నానని అనుకోకు తల్లీ" అని, గడియ వేయకుండా గేటును మెల్లగా దగ్గరకు చేరవేశారు. భక్తి నిండుగానే ఉన్నది. గడియే ఖాళీగా ఉన్నది.

మేము దిగాము. నేను మోగాను. వెనుక గేటు కిర్రుమన్నది. ఆ సంగతి నాకు వినిపించింది, చెప్పడానికి నాకున్నది ఒకే మాట. ఆ సీమలో ముందు నడిచే ఆవు గంట వెంట మంద నడుస్తుంది. నేను ముందు నడిచే ఆవుననుకున్నది రోసా.

కొన్ని మలుపుల తరువాత, బల్ల మీద ఒక ముసలి దంపతులు ఎండలో కునుకు తీస్తున్నారు. "ఇక్కడ మోగించకు, వాళ్ల నిద్ర చెడుతుంది" అన్నారు హైమవతిగారు. వకుళమ్మగారు నా నోట రుమాలు కుక్కారు. దిగువ ఊటనీటి తొట్టె దాకా మూగదాననై వచ్చాను.

అక్కడ మొహాలు కడుక్కుంటూ ఉండగా జీపు దిగింది నోట్‌బుర్గా. గేటు బార్లా తీసి ఉన్నదట, రోసా లేదట. ముఖం పాలిపోయి ఉన్నది.

"గేటుకి గడియ వెయ్యంది నేనే అని చెప్పు" అన్నారు వకుళమ్మగారు.

"ఆగొదినా, కాస్త మెల్లగా చెప్తాను."

"మెల్లగా ఎందుకూ? ఉన్నదున్నట్టు చెప్పు. మొహం మీద వెయ్యలేకపోయానని కూడా చెప్పు."

హైమవతిగారు చెప్పారు. నోట్‌బుర్గా కోపగించలేదు, జీపులో ఉన్న కిరీటం వైపు ఒక్కసారి చూసింది. కోపగిస్తేనే తేలికగా ఉండేది. కొండ వైపు తిరిగి తన పిలుపు పిలిచింది. దేవదారులు తప్ప ఏవీ పలుకలేదు.

వకుళమ్మగారు నా వైపు చూశారు, నా నోటిలోని రుమాలు వైపు చూశారు.

"హైమా! అది దీని వెనకాలే వచ్చుంటుంది. నోరు నొక్కిన చోటే దారి తప్పుంటుంది. పద!"

బ్యాటరీని పూర్తిగా మేల్కొలిపి ఆమె ఎక్కిన ఎగుడును ఆ లోయలోని రాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటూ ఉంటాయి. జీపు వెనుక వచ్చింది. బల్ల దగ్గర ఆ దంపతులు ఇంకా నిద్రలోనే ఉన్నారు. రుమాలు తీసి, తాడు విప్పి, చేతబట్టి ఆమె నన్ను మోగించారు. హారతికి కాదు, ఊరేగింపుకు కాదు, "దా తల్లీ, దా దా దా!" అని పెరట్లో దూడను పిలిచినట్లు మోగించారు. ముసలాయన ఉలిక్కిపడి లేచి టోపీ తీసి నమస్కరించాడు. ప్రార్థన వేళ అనుకున్నాడు కాబోలు.

బాట దిగువ పొదలు కదిలాయి. రోసా పైకి వచ్చింది. మోకాలి మీద చిక్కని ఎర్రదనం.

దెబ్బ తగిలితే కిరీటం లేదు. నోట్‌బుర్గా పెయ్య ముందు కూర్చుని, బొటనవేలు తడిచేసి, ఆ మోకాలు తుడిచి చూసింది. గాయం లేదు. వేలు నాలుకకు రాసుకున్నది. పకపక నవ్వింది. పెయ్య మూతి కూడా అదే రంగులో ఉన్నది. పొదల నిండా, నలిగితే ఎర్రరసం కారే నేరేడు రంగు చిరుపండ్లు ఉన్నాయి.

వకుళమ్మగారు కన్నీళ్లు తుడుచుకుని, పసుపుతాడుతో నన్ను రోసా మెడకు కట్టారు.

"దేవుడి గంట వదినా! అన్నయ్య ఏమంటాడు?"

"దేవుడు ఏమీ అనడు. మీ అన్నయ్య అన్నా నేను విననుగా, ఆయనకది అలవాటే."

మూడవనాడు మంద దిగింది. ముందు ఆవు తలపై అద్దాల కిరీటం, రోసా నెత్తిన చిన్న పూలచెండు, దాని మెడలో నేను. నోట్‌బుర్గా తల ఎత్తుకుని నడిచింది. పోలయ్యగారి మాట అక్కడ ఫలించింది.

ఇప్పుడు చలికాలంలో పశువులకొట్టంలో మేకుకు వేలాడుతూ, వేసవిలో దూడల మెడలు మారుతూ ఉన్నాను. పైన ఆ గేటుకు నోట్‌బుర్గా ఒక బండరాయిని తాడుతో వేలాడదీసింది. వదిలితే చాలు, తనంత తానే మూసుకుంటుంది. గోవు ముఖాన తలుపు వేసే పాపం ఇప్పుడు ఎవరికీ లేదు, రాతికి తప్ప. రాతిని క్షమించడం దేవుడికి కష్టమేమీ కాదు.

ఈ నాదం విన్నవారి దారులలో గులకరాళ్లు మెత్తబడుగాక. వారి మందలు నిండుగా ఇల్లు చేరుగాక. ఏ పని కోసం పుట్టారో ఆ పని, ఎంత ఆలస్యంగానైనా, వారి మెడను వెదుక్కుంటూ వచ్చుగాక.