ఎడమచేతి సాంచె

పెళ్లికి యాభై మందికి మించి రాకూడదు, బ్యాండు మేళం అసలే వద్దని పోలీసులు చెప్పి వెళ్లిన సాయంత్రమే పరుశురాం ఫోన్‌లో చుట్టాలందరికీ చాటింపు వేసేశాడు. "బ్యాండు లేకుంటేంది? నా బిడ్డ పెండ్లిల పియానో నేనే వాయిస్త!"

అప్పటికి ఆయన పియానోను ముట్టుకున్న పాపాన పోలేదు. బతుకుదెరువుకు వలస వచ్చిన గోడాదరాలోని ఆ ఒంటిగది ఇంట్లో ఉన్నది, పెళ్లి కావలసిన కూతురు సంగీత పిల్లలకు ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న పాత కీబోర్డు. ఆయన దాన్నే పియానో అంటాడు. లాక్‌డౌన్‌లో మరమగ్గాల కార్ఖానా, వాళ్ల మాటలో ఖాతా, మూతపడి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న మనిషికి పని దొరికింది. ఇరవై ఏళ్లుగా అక్కడ సాంచెలు, అంటే ఆ మరమగ్గాలు, నడిపిన చేతులకు ఈ పెట్టె ఒక లెక్కా అనుకున్నాడు.

వాయించాల్సింది ఒక్కటే పాట. అప్పగింతలప్పుడు పరుశురాం తల్లి ఎల్లవ్వ పాడేది. ఆ పాట లేకుండా వాళ్లింటి ఆడపిల్ల ఏనాడూ గడప దాటలేదు. ఎల్లవ్వ పోయాక ఆ వరస పూర్తిగా తెలిసినవాడు పరుశురాం ఒక్కడే. నోరు తెరిచి పాడితే సగంలోనే ఏడ్చేస్తానని ఆయనకు తెలుసు. వేళ్లు ఏడవవు కదా, అదీ ఆయన ధీమా.

కుడిచేయి తొందరగానే దారికొచ్చింది. చిక్కంతా రెండోదానితోనే వచ్చింది. కుడిచేత్తో చేసింది ఎడమచేతికి తెలియకూడదంటారు పెద్దలు. పరుశురాం ఎడమచేతికి అన్నీ తెలిసిపోయేవి. కుడిచేయి ఎటు పోతే అదీ అటే పోయేది. "ఈ పియానోల్నే ఏదో ఖరాబున్నది," అని ఆడలేక మద్దెల ఓడన్నాడు కూడా.

మెల్లగా రెండు చేతులూ కలిశాయి. అయితే పాట మాత్రం రాలేదు. ప్రతి స్వరం ఒకే కొలతలో, టకా టకా పరుగెత్తింది. చీరకు రాళ్లు అంటిస్తున్న భార్య భూదేవి తలెత్తకుండానే అంది.

"ఖాతా బందైందనుకుంటే ఇంట్లనే తెరిచినవా?"

సంగీత నవ్వాపుకుంది. "బాపూ, జర ఆగాలె. నానమ్మ ఊపిరి తీసుకునేటిది గాదా? గిట్ల ఉరికితే పాట యాడిది?"

"ఆగితే నా పానం ఆగది బిడ్డా. సాంచె ఆగిందంటే పోగు తెగినట్టే!"

సంగీత తండ్రి వేళ్లకేసి కాసేపు చూసింది. "అయితే ఎడమచెయ్యి సాంచెకిచ్చెయ్. అది ఆగేది లేదు. కుడిచెయ్యి నానమ్మకియ్యి. నానమ్మ ఆగినకాడ ఆగు."

చెప్పినంత సులువా! కుడిచేయి ఆగితే ఎడమదీ ఆగేది, ఎడమది నడిస్తే కుడిది తోసుకొచ్చేది. సాంచెల దగ్గర పట్టని చెమట ఇక్కడ పట్టింది. చివరికి కుడిచేత్తో అన్నం కలుపుతూ ఎడమచేత్తో నేల మీద దరువేయడం అలవాటు చేసుకున్నాడు. ముద్ద నోటికి వెళ్లినా, మధ్యలో ఆగినా దరువు తప్పని రోజున భూదేవి ఇంకో గరిటె పప్పు వడ్డించింది.

పెళ్లి మేడ మీద జరిగింది. అప్పగింతల వేళ పరుశురాం వాయించడం మొదలుపెట్టాడు. ఎడమచేతిలో మగ్గం సాగుతుంటే కుడిచేతిలో ఎల్లవ్వ తీరిగ్గా ఊపిరి తీసుకుంటూ పాడుతున్నట్టే ఉంది. వచ్చినవాళ్లంతా ఖాతాల మనుషులే. ఎన్నో వారాలుగా ఆ చప్పుడుకు మొహం వాచి ఉన్నారు. మాస్కుల వెనక నవ్వుకుంటూ కాళ్లతో తాళం వేశారు.

అంతలో సంగీత వచ్చి తండ్రి కాళ్లకు దండం పెట్టింది. వేళ్లు ఏడవలేదు గానీ కళ్లు ఊరుకోలేదు. కుడిచేయి కళ్లు తుడుచుకోవడానికి పోయింది. పాట సగంలో ఆగింది. ఎడమచేయి మాత్రం దాని మానాన అది నడుస్తూనే ఉంది.

తల్లి పాట లేకుండానే బిడ్డను పంపుతున్నానా అని పరుశురాం బెంగపడ్డాడు. సంగీత పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుని తండ్రి పక్కనే కూర్చుంది. గోరింటాకు చేతిని ఆయన వదిలేసిన స్వరం మీదే పెట్టి, రోజూ ఆయన సాధనలో విని పట్టుకున్న పాటను నానమ్మ ఆగే ప్రతిచోటా ఆగుతూ చివరిదాకా వాయించింది.

పాట అయిపోయింది. ఎడమచేయి ఇంకా ఆగలేదు.

"ఇగ సాంచె బందు చెయ్యయ్యా, పిల్ల పోవాలె," అంది భూదేవి ఏడుస్తూ, నవ్వుతూ.

సంగీత తండ్రి చేతి మీద చెయ్యి వేసింది. "ఆపు బాపూ. పోగు తెగదు."

పరుశురాం ఆపాడు.