ఫిరోజా పేరున మలీదా

నాకు కోపం ఎక్కువని మా వీధిలో అందరికీ తెలుసు. అరువడిగినవాడి మీద, చిల్లర లేదన్నవాడి మీద, ఆఖరికి సరిగా నిలబడని తక్కెడ మీద కూడా విసుక్కుంటాను. కడపలో దర్గాకు పోయే దారిలో మాకు కిరాణా అంగడి ఉంది. అంగడి గోడకు ‘ఆరోగ్య బీమా చేయబడును. రాఘవేంద్రప్రసాద్, ఏజెంటు’ అని ఒక బోర్డు తగిలించాను. బియ్యం అమ్మినట్టే పాలసీలూ అమ్మొచ్చనుకున్నాను. అదీ నా తెలివి.

హుసేన్ వలి మా వీధివాడే. ఫ్యాక్టరీలో నాపబండలకు పాలిష్ పడతాడు. అతని భార్య ఫిరోజాకు చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండె కవాటం ముడుచుకుపోయింది. పెళ్లయిన ఏడాదికి గానీ ఆ సంగతి బయటపడలేదు. మాత్రలతో నెట్టుకొస్తున్నారు. రెండేళ్లలోపు కవాటం మార్చకపోతే మనిషి దక్కదని 2003లో డాక్టరు తేల్చి చెప్పాడు. ఆ ఆపరేషన్ ఖర్చు హుసేన్ వలి పదేళ్లు పాలిష్ పట్టినా రాదు. సర్కారు సాయానికి పెట్టుకున్న అర్జీ ఏమైందో చెప్పే నాథుడు లేడు. అప్పుడు నా బోర్డు అతని కంటపడింది.

"మా ఇంట్లోదానికి ఇన్సూరెన్సు చేయి శెట్టీ" అన్నాడు.

"గుండె జబ్బని తెలిసినాక ఎవడు చేస్తాడప్పా? ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వుతానంటావు!" అని కసిరాను.

కసిరానే గానీ ఊరుకోలేదు. మూడు కంపెనీలు తిరిగాను. ఒక మేనేజరు గుండె అనే మాట వినగానే ఫారం వెనక్కి లాక్కున్నాడు. ఇంకొకాయన, డబ్బు కడితే కట్టించుకుంటాం గానీ గుండెకు మాత్రం పైసా కూడా ఇవ్వం అన్నాడు. మూడో కంపెనీలో ఒక చవక పాలసీ ఉంది. హుసేన్ వలి కట్టగలిగేదే. కాకపోతే పాత జబ్బులకు నాలుగేళ్లు ఆగాలట. డాక్టరు ఇచ్చిన గడువు రెండేళ్లు.

ఇదంతా విని హుసేన్ వలి అంగడి మెట్టు మీద కూర్చున్నాడు. "జబ్బు లేదని రాసేద్దామా?" అని నేనే అడిగాను.

"వద్దు శెట్టీ. అబద్ధం చెప్పి తెచ్చిన దుడ్లతో గుండె బాగు చేపిస్తే అది కొట్టుకుంటాదా? ఉండేది ఉన్నట్టు రాయి. నాలుగేండ్లంటే నాలుగేండ్లు. అల్లా చూసుకుంటాడు."

ఉన్నట్టు రాస్తే నాలుగేళ్లకు ఫిరోజా ఉండదు. ఆ మాట అతని మొహాన అనలేకపోయాను. ఫారం ఇంగ్లీషులో ఉంది. అతను సంతకం పెట్టి వెళ్లాక, ఇంతకుముందు ఏవైనా జబ్బులున్నాయా అన్నచోట ‘లేదు’ గడిలో టిక్కు పెట్టాను. పుణ్యం చేస్తున్నాననే అనుకున్నాను.

ఏడాదిన్నర గడిచింది. ఫిరోజా నాలుగు మెట్లు ఎక్కలేని స్థితికి వచ్చింది. కంపెనీ ఒప్పుకుంటే ఆపరేషన్‌కు తేదీ ఇస్తామన్నారు హైదరాబాదు ఆసుపత్రివాళ్లు. నాలుగేళ్లు కాలేదు కదా అన్న హుసేన్ వలికి, అడిగి చూస్తే కనికరిస్తారేమోనని చెప్పాను. పాత మందుల చీటీలన్నీ పక్కకు తీసి, కొత్త పరీక్షల కాగితాలే కంపెనీకి పంపాను. పాలసీ తీసుకుని రెండేళ్లయినా కాలేదని వాళ్లు విచారణకు మనిషిని పంపారు. ఆయన పేరు దావీదురాజు, ఊరు కర్నూలు, మర్యాదస్తుడు. హుసేన్ వలి లేని పూట చూసి నేనే వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ చూపించాను. నాకు బాకీ ఉన్న ఇద్దరితో మాట్లాడించాను. ఆ పిల్ల మొన్నమొన్నటిదాకా రాయిలాగా ఉండేదని వాళ్లు చెప్పారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. ఆ రెండోవాణ్ని నేనేనని లోలోపల మురిసిపోయాను.

ఒక్కటి మరిచాను. ఆ రోజు దర్గాలో గంధం ఉత్సవం.

హుసేన్ వలి తల్లి అబీదా బీకి ఒక మొక్కు ఉంది. ఏటా గంధం రోజున రొట్టెలు నలిపి, బెల్లమూ నెయ్యీ కలిపి మలీదా చేస్తుంది. కోడలి పేరున నలభై ఇళ్లకు పంచుతుంది. హిందువులా ముస్లింలా అని చూడదు. ఊరికే చేతిలో పెట్టి పోకూడదు. ఎవరి కోసమో, ఏ జబ్బు కోసమో పైకి చెప్పి పెట్టాలి. తిన్నవాళ్లు ‘బాగవ్వాలి’ అనాలి. చెప్పకుండా పెడితే దువా తగలదట. నలభై నోళ్లు అడిగితే ఒక్కటైనా పైకి చేరదా అని ఆమె ఆశ.

మేము అంగడి ముందుకు వచ్చేసరికి ఆమె పళ్లెంతో ఎదురైంది.

"తీసుకో నాయనా" అని దావీదురాజు ముందు చాచింది.

"పని మీద ఉండాం అవ్వా. తర్వాత రా, పో!" అని గద్దించాను.

ముసలామె మొహం చిన్నబోయింది. "ఏం శెట్టీ, మలీదా వద్దంటావా? ఆరేండ్లుగా నా చేత్తో తింటాండావు. యా ఏడూ వద్దనలేదే! మా ఫిరోజా గుండె బాగవ్వాలని నువ్వూ అంటివి కదప్పా!"

దావీదురాజు నా వైపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, రెండు చేతులూ పట్టి మలీదా తీసుకున్నాడు. నోట్లో వేసుకుని, "బాగవ్వాలి అవ్వా" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆ తర్వాత మెల్లగా అడిగాడు. "జబ్బు మొదలై ఎన్నేళ్లయింది?"

"పెండ్లయిన ఏడాది నుంచి నాయనా. ఏడేండ్లు అవుతాంది. శానా మంచి పిల్ల."

నాకూ పెట్టింది. తిన్నాను.

"జబ్బు మాట నేనెత్తలేదు సార్, ఆమే ఎత్తింది. విన్నాక రాయకుండా ఉండలేను" అన్నాడు దావీదురాజు బస్సు ఎక్కేటప్పుడు. కుండకు మూత పెట్టొచ్చు గానీ లోకం నోటికి పెట్టలేం.

ఇరవై రోజులకు ఉత్తరం వచ్చింది. హుసేన్ వలి దాన్ని ఫ్యాక్టరీ గుమాస్తాతో చదివించుకుని నేరుగా అంగడికి వచ్చాడు. రాతి దుమ్ము ఇంకా కనురెప్పల మీదే ఉంది.

"జబ్బు దాచి అబద్ధం చెప్పినానని రాసుండారు శెట్టీ. నేనెప్పుడు చెప్పినా?"

"నువ్వు చెప్పలేదప్పా. టిక్కు నేనే పెట్టినా."

అరుస్తాడనుకున్నాను. చెంప పగలగొడితే బాగుండుననిపించింది. అతను ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మాయమ్మ తన నోటివల్లే ఆపరేషన్ పోయిందని తిండి మానేసి కూచోనుండాది. ఆయప్పకు చెప్పకుంటే ఇచ్చేవాళ్లు కదా అని తల కొట్టుకుంటాంది. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు శెట్టీ, తప్పు ఆమెది కాదని. నేను చెప్పినా నమ్మల్యా."

"వస్తా" అన్నాను.

పోలేదు. మొదటి రోజు సరుకు దిగింది. రెండో రోజు ఏదో పెళ్లి. ఆ తర్వాత సిగ్గు. మా అంగడికీ వాళ్ల ఇంటికీ మధ్య ఆరు గడపలు. అందరి మీదా అరిచే నోరు, ఒప్పుకోవాల్సి వచ్చేసరికి పడిపోయింది. బోర్డు మాత్రం పీకేశాను. అది సులువైన పని.

పాలసీ రద్దయింది. అబద్ధమాడినట్టు రాతలో పడ్డాక ఇంకో కంపెనీ వాళ్ల మొహం చూడలేదు. నిజం రాసి ఉంటే నాలుగేళ్లలో సగమైనా గడిచి ఉండేది. నేను ఆ సగం కూడా లేకుండా చేశాను. డాక్టరు చెప్పిన రెండేళ్లు దాటాయి. ఫిరోజా ఎలా లాక్కొస్తోందో ఆ దేవుడికే తెలియాలి.

మళ్లీ గంధం వచ్చింది. అబీదా బీ మలీదా పళ్లెంతో అంగడికి వచ్చింది. ఇంట్లో ఒంటరిగా వదలలేక కోడలిని కూడా వెంట తెచ్చుకుంది. ఫిరోజా గోడ పట్టుకుని, ప్రతి గడప దగ్గరా ఆగి, నడుస్తూ వచ్చింది.

నేను చేయి చాచాను. ముసలామె మలీదా పెట్టింది గానీ ఏమీ చెప్పలేదు. అలవాటుకొద్దీ నేనే అడిగాను.

"ఎవరి కోసరం అవ్వా?"

ఆమె వీధి అటూ ఇటూ చూసింది. అంగడిలో ఎవరో కొత్త మనిషి పప్పు కొంటున్నాడు. అతన్ని చూసి గొంతు తగ్గించింది.

"ఎవరి కోసరమూ కాదు నాయనా. మా ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేదు. ఊరికే పంచుతాండా."

వెనక మెట్టు మీద కూలబడిన ఫిరోజా ఊపిరి కోసం నోరు తెరుచుకుని ఉంది.

బాగవ్వాలి అనాలి నేను. ఎవరు బాగవ్వాలో ఆమె చెప్పలేదు. నేను టిక్కు పెట్టిన మాటే ఆమె నోట వచ్చింది. ‘తప్పు నీది కాదవ్వా’ అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఇక రాదు. కొత్త మనిషి చూస్తున్నాడని మలీదా నోట్లో వేసుకుని ఊరుకున్నాను. వాళ్లిద్దరూ పక్కింటి గడప దగ్గరికి వెళ్లారు. అక్కడా ఆమె, ఎవరికీ ఏ జబ్బూ లేదని చెప్పడం నాకు వినిపించింది.