ఈ వారం నంబర్ వన్

"త్రివేణీ, టీ ఉందా?"

మేడమీద ఆఫీసు గదిలోంచి భర్త రఘువీర్ కేక. కింద వంటింట్లో డిష్‌వాషర్‌లోంచి గిన్నెలు తీసి సర్దుతున్న త్రివేణికి నవ్వొచ్చింది. ఈ పాట వాళ్ళింటి చార్టులో ఏళ్ల తరబడి నంబర్ వన్. రెండో స్థానం "నా బ్లూ షర్ట్ ఎక్కడ?" మూడోది అత్తగారు వసంతలక్ష్మి పాడే "మావాడికి అన్నం కొంచెం మెత్తగా ఉండాలమ్మా". ఆవిడ ఇండియా నుంచి దిగగానే ఆ పాట పైకి ఎగబాకుతుంది, తిరుగు విమానం ఎక్కగానే జారిపోతుంది. కూతురు సాన్వి పాట "అమ్మా, ఇట్స్ నాట్ దట్ డీప్", అంటే అదేమంత పెద్ద విషయం కాదులే అని, ఈ మధ్యే చార్టులోకి వచ్చింది. కుర్రపాట కదా, జోరు మీదుంది.

ఇంటివాళ్ల మాటలకు ఇలా ర్యాంకులు ఇచ్చుకోకపోతే త్రివేణికి ఎప్పుడో పిచ్చెక్కేది. ఆ విద్య నేర్పింది మిస్ ఎర్లీన్. షికాగో దగ్గరి అరోరాలో ఓ చిన్న కమ్యూనిటీ రేడియోలో శనివారం ఉదయం నల్లజాతివాళ్ల పాత సోల్ పాటలు వేసే పెద్దావిడ. ఆవిడ చిన్నప్పుడు షికాగో రేడియో స్టేషన్లు వారం వారం హిట్ పాటల వరుస అచ్చువేసి, రికార్డుల కొట్లలో ఊరికే పంచేవట. ఆ కాగితాలన్నీ ఎర్లీన్ దాచుకుంది. వారానికొకటి తీసి, "ఇది మా అక్క పెళ్లయిన వారం, ఈ పాట చూడండి ఎలా పైకెక్కిందో" అంటూ కిందినుంచి పైకి చదువుతూ పాటలు వేస్తుంది.

హెచ్‌-ఫోర్ వీసా మీద అమెరికా వచ్చిన కొత్తలో, ఎంసీఏ పట్టా సూట్‌కేసు అడుగున పెట్టుకుని, ఉద్యోగం చేసే వీల్లేక ఇంట్లో కూర్చున్న రోజుల్లో, గరాజ్ సేల్‌లో కొన్న రేడియోలో త్రివేణికి ఈ గొంతు దొరికింది. పాటల్లో మాటలు సగమే అర్థమయ్యేవి. కానీ ఒకరు అడిగితే వెనక నలుగురు బదులు చెప్పే ఆ తీరు, బాగా ఏడ్చి ముఖం కడుక్కుని నవ్వినట్టుండే ఆ గొంతులు ఆమెకు ముందునుంచీ తెలిసినవే అనిపించాయి. చిన్నప్పుడు కడపలో వాళ్ల నాన్న రేడియోలో, పాటకు ముందు కోరినవాళ్ల పేర్లూ ఊళ్లూ చదివేవారు. అవి గుర్తొచ్చి ఒకరోజు ధైర్యం చేసి స్టేషన్‌కి ఫోన్ చేసింది. "త్రివేణి ఫ్రమ్ అరోరా!" అని ఎర్లీన్ అందరికీ వినిపించేలా పిలిచింది. ఆ పూట కూర మాడిపోయింది. మాడితే మాడింది, తన పేరు విని ఆమెకు ప్రాణం లేచివచ్చింది. ఎందుకంటే, తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్ వాట్సాప్ గ్రూపులో ఆమె చేసే పులిహోర ఎదురుగా ఉండేది రఘువీర్ పేరు. ఆ గ్రూపులో అన్ని వంటల ముందూ మగవాళ్ల పేర్లే. స్టవ్ వెలిగించడం రాని రఘువీర్ స్నేహితుడు శశికాంత్‌కి గుత్తివంకాయలో మంచి పేరుంది.

మొన్న ఎర్లీనే ఫోన్ చేసింది. తనకు మోకాలి ఆపరేషన్. కోలుకునేదాకా ప్రోగ్రాం ఎవరైనా నడపాలి, లేకపోతే ఆపేస్తారు. "ఈ శనివారం వచ్చి నా పక్కన కూర్చుని పాటల వరుస చదువు. నా కుర్చీ నీకే ఇస్తాను" అంది. జీతం లేదు. అది త్రివేణికి కొత్తేమీ కాదు. రఘువీర్‌కి చెబితే లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా "యా, నైస్" అన్నాడు.

ఇప్పుడు టీ కోసం కిందికి దిగివచ్చి, "మర్చేపోయా, లంచ్‌కి శశికాంత్ వాళ్లూ, అనీష్ వాళ్లూ వస్తున్నారు. మన పులిహోర అని గ్రూప్‌లో పెట్టేశా" అన్నాడు.

"ఇవాళ స్టేషన్‌కి వెళ్లాలండీ. చెప్పాను కదా."

"అది ఇవాళా? అయినా రేడియో ఎవరు వింటున్నారు త్రివేణీ? వచ్చే వారం వెళ్లు."

"వచ్చే వారం ఆవిడకు ఆపరేషన్."

"పోనీ పులిహోర కలిపేసి వెళ్లు. హాఫ్ ఆన్ అవర్ పని."

ఎంతసేపట్లో అవుతుందో చెప్పడంలో రఘువీర్‌ది అందెవేసిన చెయ్యి. ఆఫీసులోనూ అంతే, చేసేది వేరే టీము. త్రివేణికి ఒళ్లు మండింది. అయినా ఆమె చెయ్యి దానంతట అదే చింతపండు డబ్బా మీదికి పోయింది. అది చూసుకుని ఆమెకే భయం వేసింది. ఇవాళ ఆగిపోతే ఇక ఎప్పటికీ వెళ్లదని తెలిసిపోయింది.

ఇండియా నుంచి వచ్చి ఉన్న వసంతలక్ష్మి బల్ల దగ్గర కరివేపాకు దూస్తూ తలెత్తింది. "ఏం రేడియో అమ్మా?"

"పాటలదే అత్తయ్యా. అడిగినవాళ్ల పేరు చెప్పి పాట వేస్తారు."

ఆవిడ రెమ్మ పక్కన పెట్టింది. "నేనూ అడిగేదాన్ని. కార్డు నేనే రాసి పోస్టు చేసేదాన్ని, మీ మామగారి పేరుతో. ఆడదాని పేరు రేడియోలో వస్తే బాగుండదనేవారు మా అత్తగారు. ఆయన పేరు వచ్చినప్పుడల్లా వీధంతా ఆయన్నే మెచ్చుకునేది. ఆయనకు ఒక్క పాటా తెలీదు." నవ్వింది. "డబ్బా అక్కడ పెట్టు. నువ్వు వెళ్లు. ఒరేయ్ రఘూ, చేతులు కడుక్కురా. పోపు నేను చెబుతా, నువ్వు వెయ్యి."

"నేనా? అమ్మా, నాకు కాల్ ఉంది..."

"శనివారం కాలేమిట్రా?"

సోఫాలోంచి సాన్వి అంది, "నాన్నా, ఇట్స్ నాట్ దట్ డీప్."

త్రివేణి కారు తాళాలు తీసుకుంది. దారంతా నవ్వుతూనే డ్రైవ్ చేసింది, మధ్యలో ఓ సిగ్నల్ దగ్గర కళ్లు తుడుచుకుంది.

స్టేషన్ అంటే ఓ గది, రెండు మైకులు, రికార్డుల అల్మారా. ఎర్లీన్ ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్కన సర్దుకుంది. మొదటి పాట పేరు త్రివేణి తప్పు చదివింది. రెండు పాటలు దాటేసరికి కుదురుకుంది. చివరికి ఎర్లీన్, "మీ ఇంటి చార్టు ఫోన్లో నాకు చెబుతుంటావే, అందరికీ చెప్పు" అంది.

"మా ఇంట్లో ఏళ్లుగా నంబర్ వన్ 'టీ ఉందా?'" అంది త్రివేణి ఇంగ్లీషులో. "ఈ వారం అది రెండుకి దిగింది. కొత్తగా వచ్చి నేరుగా మొదటి స్థానంలో కూర్చున్న పాట, 'శనివారాల్లో నాకు కుదరదు.' పాడింది త్రివేణి."

ఎర్లీన్ బల్ల చరిచి నవ్వింది. రికార్డు మీద ముల్లు దించింది. పాట మొదలవుతుండగా త్రివేణి మైకు దగ్గరికి జరిగి, ఇంగ్లీషు పక్కన పెట్టి, చిన్నప్పుడు విన్న పద్ధతిలోనే తెలుగులో చెప్పింది.

"ఈ పాట కోరినవారు, అరోరా నుంచి, వసంతలక్ష్మి."