బెంచీ మీద పేరు నాది

రెండేళ్లుగా మా ఊరి ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌ని నేనే, కాగితాల మీద. అసలు పనంతా లఖ్దర్‌ది. కుర్రాళ్ళను పరిగెత్తించేదీ, ఎవరు ఎక్కడ ఆడాలో తేల్చేదీ అతనే. కానీ దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే లైసెన్సు కార్డు లేనివాడు మ్యాచ్ రోజున బెంచీ మీద కూర్చోకూడదు. ఒకప్పుడు కోచ్‌గా చేసినప్పటి ఆ కార్డు నాకుంది. మోకాళ్ళు అరిగి ఇంట్లో కూర్చున్న నన్ను లఖ్దరే వచ్చి బతిమాలాడు. అబద్ధమెందుకు, మా దగ్గర కోచ్‌ని గౌరవంగా పిలిచే "షేఖ్" అన్న పిలుపు మళ్ళీ కుర్రాళ్ళ నోట వింటానన్న ఆశతోనే ఒప్పుకున్నాను.

లఖ్దర్‌కు కార్డు ఎందుకు లేదంటే, నోరుంది కనుక. మూడేళ్ల కిందట రేడియోలో, "రిఫరీలు ఈల ఊదేముందు సమాఖ్య పెద్దల మొహం చూస్తారు" అనేశాడు. కార్డు కావాలంటే వాళ్ళు పెట్టే శిక్షణకు వెళ్ళాలి. ఆ జాబితాలో అప్పట్నుంచి అతని పేరు రాలేదు. అందుకని శుక్రవారం మ్యాచులప్పుడు నా వెనక మొదటి వరుసలో ప్రేక్షకుడిలా కూర్చునేవాడు. "బాబాయ్, ఎడమవైపు ఖాళీ అయిపోయింది, మురాద్‌ని జరగమను" అనేవాడు. నేను లేచి అదే అరిచేవాణ్ణి. అలా అరిచి అరిచి లీగులో మూడో స్థానానికి వచ్చాం.

అప్పుడే రాజధానిలోని సమాఖ్య ఆఫీసు నుంచి నాకు పిలుపొచ్చింది. పదిహేడేళ్లలోపు జాతీయ జట్టుకు నన్ను కోచ్‌గా వేస్తారట! కాసేపు ఒళ్ళు మరిచాను. తర్వాత సిగ్గేసింది. ఈ వంకన లఖ్దర్ పేరు జాబితాలో ఎక్కించి రావాలని బస్సెక్కాను.

అక్కడి డైరెక్టరు సీ మొక్దాద్ పుదీనా టీ తెప్పించాడు. నేను దాచకుండా చెప్పేశాను.

"అయ్యా, ఆ జట్టును ఆడించేది నేను కాదు. లఖ్దర్ చెబుతాడు, నేను అరుస్తాను."

ఆయన పడీపడీ నవ్వాడు. "మాకు తెలీదనుకున్నావా షేఖ్? దేశమంతా తెలుసు. అందుకేగా నిన్ను పిలిపించింది! వెనకనుంచి ఎవరేం చెబితే అది అరిచేవాడే మాకు కావాలి."

"మరి లఖ్దర్‌కి ఈసారైనా..."

"వాడి సంగతి ఎత్తకు. టీ చల్లారిపోతోంది, తాగు."

జేబులోంచి కార్డు తీసి ఆయన బల్ల మీద విసిరికొట్టాను. "మీ ఉద్యోగమూ వద్దు, మీ కార్డూ వద్దు!" అని బయటికొచ్చేశాను. ఆరు గంటల ప్రయాణం ఎలా గడిచిందో తెలీదు. జీవితంలో మొదటిసారి నా సొంత మాట నేను అరిచాను కదా.

మైదానంలో లఖ్దర్ గోల్‌పోస్టుల వలలు విప్పుతున్నాడు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. కౌగలించుకుంటాడనుకున్నాను. అతను వల కింద పెట్టి నేలమీద కూర్చుండిపోయాడు.

"ఉద్యోగం వద్దన్నావు, సరే. కార్డెందుకు ఇచ్చేశావు బాబాయ్?"

"కోపమొచ్చింది రా."

"శుక్రవారానికి మన క్లబ్బు అధ్యక్షుడు ఇంకో కార్డున్నవాణ్ణి తెస్తాడు. వాడు నా మాట వింటాడా? తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. నన్ను గేటు దాటనిస్తాడా?"

నాకు ఇంత చిన్న సంగతి ఆరు గంటల బస్సులో ఒక్కసారీ తట్టలేదు.

"నాకు మూడేళ్లుగా రోజూ వస్తూనే ఉంది కోపం," అన్నాడు లఖ్దర్, గొంతు పెంచకుండానే. "ఈ జట్టు కోసం మింగుతున్నా. నువ్వు ఒక్క పూట మింగలేకపోయావా?"

మర్నాడు తెల్లవారగానే మళ్ళీ రాజధాని బస్సెక్కాను, సీ మొక్దాద్ కాళ్ళావేళ్ళా పడి ఆ కార్డు తెచ్చుకోవడానికి.